ఫిట్స్ రాలేదా, సరే... ఇంకేమైనా అడగరా?

గౌరవనీయ తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా తమ్ముడికి పుట్టుకతోనే మేధో వైకల్యం, చిన్నప్పటి నుంచీ ఫిట్స్. ఈ వైకల్యం ఉన్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఫిట్స్ ఉంటాయి. కాబట్టి ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు.

మందులకు వెళ్తే "ఫిట్స్ వచ్చాయా?" అంటారు. రాలేదంటే "అవే వాడండి" అంటారు. ఆ మందు మనిషిని ఇంకేం చేస్తోందో అడగరు. వేరేవాళ్లయితే కళ్లు తిరుగుతున్నాయనో, ఒకటి రెండుగా కనిపిస్తోందనో చెప్పుకుంటారు. మావాడికి మాటలు రావు. తల గోడకేసి కొట్టుకుంటాడు, కంచం తోసేస్తాడు. "వీళ్లింతే కదమ్మా" అంటారు.

లెవెటిరాసెటం అనే ఫిట్స్ మందు మొదలుపెట్టాక వాడికి ఎన్నడూ లేని కోపం వచ్చింది. దాన్ని అణచడానికి మానసిక వైద్యుల మందు ఇంకొకటి చేర్చారు! కోపం, చిరాకు లెవెటిరాసెటానికి ఉన్న తెలిసిన దుష్ప్రభావాలే. వేరే న్యూరాలజిస్టు దాన్ని నెమ్మదిగా తగ్గించి మరో మందుకు మార్చాక ఇంట్లో సగం గొడవ తగ్గింది.

మిగతా ఫిట్స్ మందులూ అంతే. ఫెనిటోయిన్ వాడితే చిగుళ్లు పెరిగి పళ్లను కప్పేయవచ్చు. డోసు కాస్త ఎక్కువైనా రక్తంలో మందు బాగా పెరిగి, తూలిపడతారు. వాల్‌ప్రోయేట్‌తో బరువు పెరగడం, చేతుల వణుకు. ఫెనోబార్బిటోన్ చవకే గానీ, మత్తు. కొందరు పిల్లలైతే ఉల్టా కుదురు లేకుండా తిరుగుతారు. ఇలాంటి పాత మందులు ఏళ్ల తరబడి వాడితే ఎముకలు పెళుసవుతాయి, ఎండ మొహం చూడని మంచాన పడ్డవాళ్లకు మరీను.

ఇది చదివి ఎవరూ బిళ్లలు ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే ఆగని ఫిట్స్‌తో ప్రాణం మీదికొస్తుంది. అందుకే "స్టాకు లేదు, వచ్చే వారం రండి" అనే మాట కూడా మాకు భయమే.

పెద్ద ఆసుపత్రి కట్టమని అడగట్లేదు. బిళ్లలు ఇచ్చే ప్రతిచోటా ఒక చీటీ పెట్టించండి. నిద్ర, నడక, తిండి, కోపం, చిగుళ్లు ఎలా ఉన్నాయో తోడొచ్చినవాళ్లను అడిగి రాసుకుని, తేడా ఉంటే డాక్టరుకు చూపించాలి. చీటీ తయారీకి దూరం పోనక్కర్లేదు, మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. రక్తంలో ఫెనిటోయిన్ ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా చేయించండి. వికలాంగులకు దగ్గర్లోనే వైద్యం అందాలని 2016 నాటి హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. రక్తపరీక్ష కోసం మావాడిని బస్సులో హైదరాబాద్ దాకా తేవడం దగ్గర కిందికి రాదు కదండీ.

ఇట్లు,
ఒక అక్క