శైలుకు నాయన రాసేది

అనంతపురం,
ఆదివారం.

చిరంజీవి శైలుకు నాయన ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. జేజి మోకాళ్ల నొప్పులు మామూలే. ఈసారి చెనిక్కాయ వేయలేదు. వాన పడితే కందులు వేద్దామని రమణ మామ అంటున్నాడు. మన వాన సంగతి నీకు తెలియంది కాదు. ఈ కాగితాన్ని చిన్నోడు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. ఫోనులో అయితే 'సరిగ్గా వినపడలేదు నాయనా' అని పెట్టేస్తావు. కాగితంతో ఆ బాధ లేదు.

నువ్వు పంపిన ఫోటో చూశాను, నీ పెట్రోలు బండి ఇంజిన్లో నిప్పురవ్వ కొట్టే స్పార్క్ ప్లగ్గుది. నాలుగోది విరిగింది కదా, క్యాబిన్ గోడకు ఆనుకుని ఉండేది. అక్కడ చెయ్యే సరిగ్గా పట్టదు. 'లారీలు డీజిలు బండ్లు, వాటికి ప్లగ్గులెక్కడివి, నాయనకేం తెలుస్తుంది' అని చిన్నోడితో అన్నావంట. ఇరుక్కున్న నాజిళ్లు లాగి లాగి ఈ చేతులు ఇట్లా అయినాయి. అయినా నీ బండి గురించి ఉన్న కాగితాలన్నీ వాడితో తీయించి చదివించుకున్నాను.

నీ ఫోర్డు ట్రక్కుది 5.4 లీటర్ల ట్రైటన్ ఇంజిన్, సిలిండరుకు మూడు వాల్వులు. 2004 మోడల్ నుంచి 2007 దాకా వచ్చిన ఆ ఇంజిన్లలో ప్లగ్గు ఒకే ముక్కగా ఉండదు. పైన ఆరు పలకల భాగం, కింద సన్నని పొడుగాటి గొట్టం, రెండూ కలిపి నొక్కినవి. ఆ గొట్టం చుట్టూ ఉండే సందులో కార్బన్ చేరి, సంగటి కుండలో అడుగంటిన మాడు మాదిరిగా పట్టేస్తుంది. పానా వేస్తే పైభాగం తిరుగుతుంది, కింది గొట్టం కదలదు. ఇంక ఊడిపోక ఏం చేస్తుంది? నీ చేతి తప్పేం లేదు, దానికి బాధపడొద్దు. ఏళ్ల తరబడి ప్లగ్గులు మార్చని పాత ఓనరును అనాలి.

ఫోటో వచ్చినప్పుడు ఇక్కడ రాత్రి పదిన్నర. అంటే అమెరికాలో మీకు మిట్టమధ్యాహ్నం. ఆ రోజు బుధవారం. ఎండ బానెట్టు మీద పడి మెరుస్తోంది. లీవు పెట్టావేమోలే.

మిగతావి విప్పేటప్పుడు తొందరపడొద్దు. ఫోర్డు కంపెనీ వాళ్లే 2008లో మెకానిక్కులకు పద్ధతి రాసిచ్చారు. ఇంజిన్ వేడిగా ఉండగా మొదలుపెట్టొద్దు. ప్లగ్గు మీదుండే కాయిల్ తీసి, గుంతలో దుమ్ము పోయేలా గాలి కొట్టు. కళ్లద్దాలు పెట్టుకునే కొట్టు, లేకుంటే ఆ దుమ్మంతా కంట్లోనే పడుతుంది. ప్లగ్గును చుట్టులో ఎనిమిదో వంతో, పావు వంతో వదులు చేసి, కార్బురేటర్ క్లీనర్ అర టీ చెంచా నుంచి ఒక టీ చెంచా దాకా పొయ్యి. అంతకంటే పొయ్యొద్దు, సిలిండర్లోకి ఎక్కువ దిగితే ఇంజిన్ తిరగకుండా పట్టేస్తుంది. కనీసం పావుగంట నాననివ్వు. తర్వాత కాస్త బిగించు, కాస్త వదులు చెయ్యి, మళ్లీ బిగించు. కీచుమని అరుస్తుంది, అరవనీ. ఎంత బలం పడుతోందో చూపే టార్క్ పానా వాడు, విప్పేటప్పుడు దాదాపు 33 అడుగు-పౌండ్ల బలం పడుతుందని వాళ్ల లెక్క. గాలితో తిరిగే గన్ను అసలు వాడొద్దు.

విరిగిన దానికి అక్కడ లైల్ వాళ్ల 65600 నంబరు సామాను దొరుకుతుంది. అందులో ఒక కడ్డీ ప్లగ్గు లోపలి పింగాణీని గొట్టంలోనే కొంచెం కిందికి నొక్కుతుంది. ఆ ఖాళీలోకి రెండోది మర కోసుకుంటూ దిగుతుంది. ఆపైన నట్టు తిప్పుతూ పోతే గొట్టం పైకొస్తుంది. సుత్తి మాటే వద్దు. పింగాణీ పగిలి ముక్కలు లోపల పడ్డాయని అనుమానమొస్తే సన్న పైపు పెట్టి వాక్యూమ్‌తో లాగించు, అవి ఉండగా స్టార్ట్ చెయ్యొద్దు. జడ కూడా ముడేసుకో. బెల్టు పక్కన జడ వేలాడేసుకుని నిలబడే అలవాటు నీకు షెడ్డులో ఉన్నప్పటి నుంచీ ఉంది.

తాడిపత్రి పిన్ని మొన్న నామకరణానికి వచ్చింది. ఆమె ఆడబిడ్డ కొడుకు మీ ఊర్లోనే కదా. మీ కంపెనీలో చాలామందిని తీసేశారని వాడు చెప్పాడంట. పిన్ని మాటల్లో సగం ఉప్పూ కారమే అని మీ అమ్మకు సర్ది చెప్పాను. అమ్మ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. నేను తిన్నాను.

ఖాసిం మేస్త్రి ట్రాక్స్ బండి కథ నీకు చెప్పానో లేదో. నువ్వప్పుడు చంటిపిల్లవి. తెల్లారితే పెన్నహోబిలంలో పెళ్లి. పెళ్లివాళ్ల ట్రాక్సును సాయంత్రం తాడు కట్టి లాక్కొచ్చారు. స్టార్టు చేసే ముందు డీజిలు ఇంజిన్ను వేడి చేసే హీటర్ ప్లగ్గు విరిగి, ముక్క ఇంజిన్ పైభాగంలో, అదే హెడ్డులోనే ఉండిపోయింది. మేస్త్రి డ్రైవరును ఒకటే అడిగాడు, 'దీన్ని ఎవరెవరు ముట్టుకున్నారు, ఏమేం చేశారు?' వాడు ఆ నరసింహస్వామి మీద ఒట్టేసి, ఎవ్వరూ ముట్టుకోలేదన్నాడు. సరేనని మేస్త్రి కిరసనాయిలూ డీజిలూ కలిపి పోసి నానబెట్టాడు. టీ తాగాడు, బీడీ కాల్చాడు, నమాజు చేసుకుని వచ్చాడు. తర్వాత సన్న బిట్టుతో డ్రిల్లు పట్టాడు. బిట్టు ఒక్క పొల్లు కూడా దిగలేదు. ఇంకోటి మార్చాడు, అది కొస తిరిగిపోయింది. టార్చి దగ్గర పెట్టి చూస్తే లోపల ఇంకేదో మెరుస్తోంది.

అప్పుడు చెప్పాడు వాడు. దారిలో గార్లదిన్నె దగ్గర ఎవరో పిల్లోడి చేత ఈజీ-అవుట్, అంటే విరిగిన ముక్కను కరిచి తిప్పి లాగే సామాను, కొట్టించాడంట. అదీ విరిగి అందులోనే ఉంది. అది గట్టి ఉక్కు, దాన్ని డ్రిల్లు ఏం చేస్తుంది? ఓనరుకు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని దాచాడు. 'ముందే చెప్పింటే డ్రిల్లు ముట్టకుండా హెడ్డు దించేసేవాణ్ణి కదరా, పొద్దుటికి పంపేవాణ్ణి' అని మేస్త్రి అరిచిన అరుపు నాకింకా గుర్తుంది. అర్ధరాత్రి హెడ్డు దించి లేత్ షాపు ఆయన్ను నిద్ర లేపాం. పెళ్లివాళ్లు ఆఖరికి ట్రాక్టరులో పోయారు. పెళ్లికూతురు మేనత్త షెడ్డు ముందు నిలబడి మమ్మల్ని తిట్టిన తిట్లు వేరే కథ. ఆ డ్రైవరు పని పోలేదు. పోయింటే మాత్రం ఏమవుతుంది, ఇంకో బండి ఎక్కేవాడు. మేస్త్రి దగ్గరకు వచ్చి కూడా దాచిపెడితే మేస్త్రి ఏం చేస్తాడు చెప్పు.

నీతులు చెప్పకూడదనుకునే కూర్చున్నాను. అలవాటు పోదు.

అక్కడ పని వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజుల దాకా గడువుంటుందని చిన్నోడు చదివి చెప్పాడు. ఊరికే అడిగాను, జనరల్ నాలెడ్జికి. 60 రోజులంటే తక్కువేం కాదు, కానీ మొదటి రోజు నుంచే లెక్క పెట్టుకోవాలి. ట్రాక్టరు అమ్మిన డబ్బులు బ్యాంకులోనే ఉన్నాయి. అమ్మకు తెలియకుండా ఉంచినవేం కావు. ప్లగ్గులకైనా, అద్దెకైనా, విమానం టికెట్టుకైనా పనికొస్తాయి. నువ్వు వచ్చేస్తే ఎవరేమనుకుంటారో అని మాత్రం పెట్టుకోవద్దు. పిన్ని ఎట్లాగూ అనుకుంటుంది, అది ఆమె పని.

కొత్త ప్లగ్గులు ఒకే ముక్కగా చేసినవి కూడా దొరుకుతాయి, అవే కొను. ఎనిమిదీ ఒకేసారి మార్చు, విరిగినదొక్కటే మార్చి ఊరుకోవద్దు. కింది గొట్టానికి మళ్లీ పట్టేయకుండా నికెల్ యాంటీ-సీజ్ పలుచగా పూసి, టార్క్ పానా 25 అడుగు-పౌండ్ల దగ్గర ఆపు. ఎండలో పని చేస్తుంటే నీళ్లు తాగు. అమ్మ చెనిక్కాయల పొడి, ఓళిగలు కట్టిపెట్టింది. అడ్రసు పాతదేనా, మారిందా? మారితే రాయి, కొరియర్ వాడు వెనక్కి తెస్తే జేజి నా ప్రాణం తీస్తుంది.

పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నేనొక్కణ్ణే షెడ్డులో ఉంటాను, పిల్లోళ్లు ఎనిమిదికి గానీ రారు. అమ్మ వింటుందని టెన్షన్ వద్దు. ఆ టైంలో చెయ్యి. మిగతా ఏడు ప్లగ్గుల్లో ఎన్ని వచ్చాయో చెప్పు, లోపల ఇంకేమన్నా ఉన్నా అప్పుడే చెప్పు.

ఇట్లు,
మీ నాయన