కెమెరా ఎవరి చేతిలో ఉంటుందో ముందే చెబుతాను

మా స్టూడియోకి వచ్చేవాళ్లందరికీ నమస్కారం.

కొన్ని నెలలుగా నా పక్కన రిఫ్లెక్టర్ పట్టుకుని నిలబడే అమ్మాయిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఫొటోగ్రఫీ చదువుతోంది. క్లాసులయ్యాక మా దగ్గరికొచ్చి పని నేర్చుకుంటోంది. ఆమె గురించీ, ఈమధ్య జరిగిన ఒక పొరపాటు గురించీ మీకు చెప్పాలి. పొరపాటు ఆమెది కాదు, నాది.

పోయిన నెల ఒక కుటుంబం పిల్లాడి ఫొటోల కోసం వచ్చింది. డబ్బు కట్టిన షూట్. మధ్యలో నాకు ఫోనొస్తే, "ఒక నాలుగు ఫ్రేములు నువ్వు తియ్యి" అని కెమెరా ఆ అమ్మాయి చేతిలో పెట్టి బయటికి నడిచాను. మాటల్లో పడి నేను లోపలికి వచ్చేసరికి ఆ నాలుగూ అరవై అయ్యాయి. నేను వదిలి వెళ్లిన షట్టర్ స్పీడ్ 1/60, అంటే షట్టర్ సెకనులో అరవయ్యో వంతు సేపు తెరుచుకుని ఉంటుంది. కుదురుగా కూర్చున్న తల్లికి అది చాలు. చప్పట్లు కొడుతున్న మూడేళ్ల పిల్లాడికి చాలదు. మొహం బానే వచ్చింది గానీ చేతులు పొగలా కరిగిపోయాయి. వాడు మనస్ఫూర్తిగా నవ్విన ఫ్రేములేమో అన్నీ వాటిలోనే ఉన్నాయి. వాళ్లు అడిగితే నేనేమన్నానో తెలుసా? "అది కావాలని పెట్టిన ఎఫెక్టండీ" అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, పట్టింది. మర్నాడు ఆ అమ్మాయి "సార్, నిజంగా అది ఎఫెక్టేనా? ఎలా పెట్టాలో చెప్తారా?" అని నోట్‌బుక్కు తీసేసరికి మాత్రం నోరు పెగల్లేదు. ఆ సాయంత్రమే వాళ్లకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. డబ్బు వెనక్కిచ్చి, మళ్లీ పిలిచి తీశాను. రెండోసారి పిల్లాడు అంతలా నవ్వలేదు. దానికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

కాబట్టి ఇకనుంచి, మీరు డబ్బు కట్టిన షూట్‌లో కెమెరా నా చేతిలోనే ఉంటుంది. ఆమె లైట్లు సర్దుతుంది, రిఫ్లెక్టర్ పడుతుంది. ఆ పనికి ఆమెకి డబ్బిస్తున్నాను, అది కూడా మీకు తెలియాలి. ఆమె తీసేవి ప్రాక్టీస్ షూట్లలోనే. అవి వేరే రోజు, ముందే చెప్పి, ఉచితంగా. "ఆ అమ్మాయితోనే తీయించి రేటు తగ్గించొచ్చుగా" అని ఒకరిద్దరు అడిగారు. కుదరదండీ. నేర్చుకునేవాళ్లని చవక కూలీలుగా వాడుకునే స్టూడియోల్లో నేనూ పనిచేశాను.

ప్రాక్టీస్ షూట్ అంటే ఊరికే క్లిక్‌లు కొట్టుకోవడం అనుకోకండి. వెనక స్క్రీను మీద టేపు అంటిస్తాను, తీసింది అప్పటికప్పుడు చూసుకోవడానికి ఉండదు. మొత్తం 36 ఫ్రేములే. నేను నేర్చుకున్న రోజుల్లో రీలుకి అన్నే వచ్చేవి. కార్డులో వేలకి వేలు పడతాయని తెలిస్తే ఎవరూ ఆగి ఆలోచించరు.

మొన్న ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చి కూర్చున్నారు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరా, 85 ఎంఎం లెన్సు, ఎపర్చర్ (లెన్సులో వెలుతురొచ్చే రంధ్రం) ఎఫ్/1.8, అంటే బాగా పెద్దగా తెరిచి. వెనక బ్యాక్‌గ్రౌండ్ మబ్బులా కరిగిపోతుందని ఈ వయసువాళ్లందరికీ ఆ నంబరంటే మోజు. చెల్లెలు అక్కకి జానెడు వెనక కూర్చుంది. ఏం జరగబోతోందో నాకు కనిపిస్తూనే ఉంది, నోరు మూసుకున్నాను. పెద్ద స్క్రీన్ మీద తెరిచి చూస్తే అక్క కనురెప్పలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, చెల్లెలి కళ్లు మాత్రం మసక. అప్పుడు నేల మీద టేపు పరిచి కొలిపించాను. రెండు మీటర్ల దూరంలో ఆ సెట్టింగుకి ఫోకస్‌లో నిలిచే మందం సుమారు 6 సెంటీమీటర్లు. రంధ్రం చిన్నది చేసి ఎఫ్/4కి తెచ్చినా 13 దగ్గర ఆగుతుంది, అప్పటికీ జానెడు అందదు. నేర్చుకునే అమ్మాయి కాసేపు ఎపర్చర్ రింగు వంక, కాసేపు టేపు వంక చూసి, లేచి వెళ్లి చెల్లెలి కుర్చీ ముందుకి జరిపింది. అది తట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది లెండి.

షట్టర్ గురించి ఇక చెప్పక్కర్లేదు. ఇప్పుడు పిల్లలుంటే 1/250 కిందికి దిగనే దిగదు. 1/60 నుంచి అక్కడికి వెళ్తే లోపలికొచ్చే వెలుతురు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది, ఐఎస్ఓ (ఉన్న వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 800 ఉన్నదాన్ని 3200 చెయ్యాలి. గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుందని మొదట్లో భయపడేది. గ్రెయిన్‌ని తర్వాతైనా తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన చేతిని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా తిరిగివ్వదు.

ఇంకా రానిది మాట్లాడటం. కెమెరా కంటికి ఆనించాక ఆమె నోట మాట రాదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు తమదే ఏదో తప్పనుకుని బిగుసుకుపోతారు. అందుకే మొదటి పది నిమిషాలు కెమెరా బ్యాగులోనే ఉండాలని పెట్టాను. మీరు వస్తే ఆమెని కాస్త మాట్లాడించండి, అదే పెద్ద సాయం.

వచ్చేముందు తెలియాల్సినవి కొన్నున్నాయి. 36లో మీ చేతికిచ్చేలా నాలుగో ఐదో ఉంటాయి. ఒక్కోసారి ఒక్కటీ ఉండదు. ఎడిటింగ్ కూడా ఆమే చేస్తుంది, నేను చూశాకే మీకు పంపుతుంది, కాబట్టి పది రోజులు పడుతుంది. మీరు ఒప్పుకోకుండా ఒక్క ఫొటో కూడా ఎక్కడా పెట్టం, తీసేయమంటే మా దగ్గర కూడా ఉంచం. మళ్లీ రాని సందర్భమైతే మాత్రం దయచేసి ప్రాక్టీస్‌కి రావద్దు.

వారానికి ఒక్క షూటే, ఆదివారం పొద్దున, కిటికీ వెలుతురులో. వీలైతే నల్ల బట్టలు వేసుకుని రండి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఏది చూసినా బూడిద రంగే అనుకుంటుంది, నలుపు కనిపిస్తే వెలుతురు పెంచేసి మొహం తెల్లగా పేలిపోయేలా చేస్తుంది. అప్పుడు వెలుతురు సరిచేసే డయల్‌ని మైనస్‌కి తిప్పాలి, తెలుపుకైతే ప్లస్‌కి. చెప్పినప్పుడు ఆ అమ్మాయి బుద్ధిగా తలూపుతుంది, కెమెరా చేతికి రాగానే తిరగేస్తుంది. ఈ నెలంతా నలుపుతోనే ఆమెకి గొడవ.