కళింగపట్నం వీడియో గురించి
మాస్టారూ, మీరు పెట్టిన కళింగపట్నం వీడియో నాలుగుసార్లు చూశాను. ఎగిరే పళ్లాలేమో అన్నారు గానీ, ఆకాశంలో పూసలు గుచ్చినట్టు వరసగా పోతున్న ఆ చుక్కలు ఇంటర్నెట్ కోసం పంపిన స్టార్‌లింక్ ఉపగ్రహాల్లాగే ఉన్నాయండీ.

"ఎగిరే పళ్లాల సంగతి అమెరికా దాచేస్తోంది" అన్న తమ్ముడూ, దాచిన మాట నిజమే! 1947లో అమెరికాలోని రోస్వెల్‌లో పడింది వాతావరణ బెలూన్ అన్నారు. సోవియట్ అణుపరీక్షల్ని పసిగట్టే రహస్య బెలూన్ అని 1994లో గానీ వైమానిక దళం చెప్పలేదు. అయితే దాచింది బెలూన్నే కదా, ఏటంటావు? ఎగిరే పళ్లాల మీద ఆ వైమానిక దళమే చేసిన 'బ్లూ బుక్' విచారణలో 12,618 కేసులకి 701 తేలలేదు. తేలకపోతే పక్క గ్రహం వాళ్లే అనేస్తామా? 2023లో అమెరికా మాజీ నిఘా అధికారి గ్రష్, పక్క గ్రహం వాళ్ల వాహనాలు ప్రభుత్వం దగ్గరున్నాయని అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) ముందు ప్రమాణం చేసి మరీ చెప్పాడు, సరే. జనానికి ఒక్క ముక్కయినా చూపించాడా?

ఈసారి కనిపిస్తే టైము, దిక్కు రాసిపెట్టండి. జూమ్ చెయ్యొద్దు, లైట్‌హౌసో కొబ్బరిచెట్టో ఫ్రేములో ఉండాలి.