డీఎన్‌డీ పెట్టినా ఆగని ఫోన్లు

సంపాదకులకు నమస్కారం.

అక్కర్లేని మార్కెటింగ్ కాల్స్ మీద పోయిన వారం మీరు వేసిన వార్త చదివాను. డీఎన్‌డీ (డూ నాట్ డిస్టర్బ్, అంటే ఇలాంటి ఫోన్లు మాకొద్దని నమోదు చేయించుకోవడం) కోసం 1909కి మెసేజ్ పెడితే ఆగిపోతాయని రాశారు. మా ఇంట్లో మూడు ఫోన్లకూ ఆ పని ఎప్పుడో చేశాం. ఏమీ ఆగలేదు.

మా అత్తగారికి ఎనభై రెండేళ్లు. మోకాలి ఆపరేషనై నెల కూడా కాలేదు. మొన్న మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా హాల్లో చార్జింగ్ పెట్టిన ఆవిడ ఫోన్ మోగింది. దుబాయ్‌లో ఉన్న మనవడేమోనని వాకర్ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్లి ఎత్తితే, "మేడమ్, మీకు ఐదు లక్షల లోన్ అప్రూవ్ అయింది" అన్నారు. "నేనెవర్నీ అప్పు అడగలేదు నాయనా" అంటూ ఆవిడ గాభరా పడిపోయింది. తన పేరు మీద ఎవరో అప్పు తీశారని రాత్రి పడుకునేదాకా అదే టెన్షన్.

తెలియని నంబరు ఎత్తొద్దని సలహా ఇస్తారు. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయిదీ, రక్తపరీక్షల ల్యాబ్‌దీ, కొరియర్‌దీ అన్నీ తెలియని నంబర్లే. ఎత్తకుండా ఎలా కుదురుతుంది?

మార్కెటింగ్ కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని నిబంధన ఉంది. మాకొచ్చేవన్నీ మామూలు పదంకెల నంబర్లే. ఒకటి బ్లాక్ చేస్తే గంటలో ఇంకొకటి. ఫిర్యాదు చేస్తే "పరిష్కరించాం" అని టెలికాం కంపెనీ మెసేజ్ పంపింది. మర్నాడు పొద్దున్నే అమరావతి దగ్గర ప్లాట్లున్నాయని మళ్లీ ఫోన్! 2007లో డూ నాట్ కాల్ రిజిస్ట్రీ (ఫోన్లు వద్దన్నవాళ్ల జాబితా) పెట్టారు. 2010లో, 2018లో కొత్త నిబంధనలు తెచ్చారు. 2025లో సవరించి, పది రోజుల్లో ఐదు ఫిర్యాదులొస్తే చర్య తీసుకోవాలన్నారు. వాళ్లు రోజుకో నంబరు మారుస్తుంటే, ఒకే నంబరు మీద ఫిర్యాదు చేసేవాళ్లు ఐదుగురు ఎక్కడ దొరుకుతారు?

అసలు మా నంబర్లు వీళ్లకెవరిచ్చారు? మా అబ్బాయి ఫ్లాట్ రిజిస్ట్రేషనైన వారానికే ఇంటీరియర్ వాళ్లు పేరు పెట్టి పిలిచి ఫోన్ చేశారు. బట్టల షాపులో జాకెట్టు ముక్క కొన్నా ఫోన్ నంబరు చెప్పందే బిల్లు కొట్టరు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే చేశారు కదా, మా నంబర్లు అమ్ముకున్న వాళ్లను ఎవరు పట్టుకోవాలి? అధికారులు ప్రకటనలిచ్చి ఊరుకుంటే సరిపోదు.

నంబరు కట్ చేసినంత మాత్రాన లాభం లేదు, సిమ్ములకు కొదవా? ఎవరి లోన్ అమ్మడానికి ఫోన్ వచ్చిందో ఆ బ్యాంకుకే, ఎవరి ప్లాట్ల కోసమైతే ఆ వెంచర్ వాళ్లకే జరిమానా వేయాలి. ఎవరికి ఎంత వేశారో నెలనెలా పేపర్లో వేయించాలి.

– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు