జాగిలం ఆగిన ఇల్లు

సంపాదకులకు నమస్కారం.

ఊళ్లో దొంగతనమో హత్యో జరిగితే మన పత్రికల్లో తరచూ ఒక వాక్యం వస్తుంది: ‘పోలీసు జాగిలం ఘటనా స్థలం నుంచి బయల్దేరి ఫలానా వారి ఇంటి వద్ద ఆగింది.’ పేపరు టీకొట్టుకు చేరేసరికి ఆ ఇంటివాళ్లు దోషులైపోతారు. ఆ వాక్యం అలా అచ్చువేయవద్దని కోరడానికే ఈ ఉత్తరం.

కుక్క ముక్కును శంకించాల్సిన పనిలేదు. చిక్కంతా గొలుసు రెండో కొసన ఉంది. 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 18 జాగిలాల చేత, వాటిని నడిపించే హ్యాండ్లర్ల చేత ఒక చర్చి భవనంలో నాలుగు గదులు వెతికించారు. ఒక్కో గది రెండుసార్లు, మొత్తం 144 సోదాలు. కొన్ని గదుల్లో ఎర్ర కాగితం అంటించి, అది దాచిన సరుకుకు గుర్తని హ్యాండ్లర్లకు చెప్పారు. నిజానికి మత్తుమందు గానీ పేలుడు పదార్థం గానీ ఎక్కడా లేదు. ఒక్కసారి కూడా ‘దొరికింది’ అన్న మాట రాకూడదు. అలా రాని సోదాలు 21 మాత్రమే. కుక్కను మరిపించడానికి సాసేజ్ దాచిన చోట్లకన్నా, మనిషిని మరిపించే ఎర్ర కాగితం దగ్గరే ఆ మాట ఎక్కువ వినిపించింది. హ్యాండ్లర్‌ను చూసి కుక్క ఆగిందా, ఆగిందని హ్యాండ్లరే అనుకున్నాడా అన్నది ఆ ప్రయోగం తేల్చలేదు. ఏదైనా ఆ ఇంటివాళ్లకు జరిగే నష్టం ఒకటే.

ఇందులో హ్యాండ్లర్ అబద్ధమాడాల్సిన పనిలేదు. అనుమానం ఉన్నచోట అడుగు నెమ్మదిస్తుంది, గొలుసు కాస్త బిగుస్తుంది, చూపు నిలుస్తుంది. బెర్లిన్‌లో గిట్టతో నేల తట్టి లెక్కలకు జవాబు చెబుతుందని పేరుపడ్డ హాన్స్ అనే గుర్రం గుట్టు కూడా ఇదే. జవాబు తెలియనివాడు అడిగితే గుర్రానికీ తెలిసేది కాదని 1907లో మనస్తత్వ పరిశోధకుడు ఆస్కార్ ఫుంగ్‌స్ట్ వెల్లడించాడు. గిట్ట సరైన లెక్కకు రాగానే అడిగినవాడి తల తనకే తెలియకుండా వెంట్రుకవాసి లేచేది, గుర్రం ఆపేసేది. కుక్కకు మనిషిని చదవడం ఇంకా తేలిక. ఏ శిక్షణా లేని వీధికుక్కల మీద కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థవారు చేసిన పరీక్షలో, గిన్నెల దగ్గరికి వచ్చినవాటిలో దాదాపు 80 శాతం, మనిషి వేలు చూపిన గిన్నె వైపే వెళ్లాయి.

అందుకే వాసన పరీక్ష పెట్టే తీరు ముఖ్యం. ఒకే రకం డబ్బాలు ఆరు తీసుకుని, ఏ డబ్బాలో వాసన నమూనా ఉండాలో పాచిక వేసి తేల్చాలి. అమర్చినవాడు గదిలోంచి వెళ్లిపోవాలి, హ్యాండ్లర్‌కు స్థానం తెలియకూడదు. నమూనా ఉన్న డబ్బానే ముట్టుకుంటే చేతి వాసనే ఆనవాలవుతుంది కాబట్టి ఆరింటినీ ఒకే గ్లవ్‌తో ముట్టుకోవాలి. మధ్యమధ్య ఆరూ ఖాళీగా పెట్టాలి. ఇది మానేస్తే, ఏదో ఒక డబ్బా దగ్గర ఆగితే చాలని కుక్క నేర్చుకుంటుంది. ఒక్కసారి కనిపెట్టడం గుడ్డిగా కూడా ఆరింట ఒకసారి జరుగుతుంది. వరుసగా మూడుసార్లు గుడ్డిగా కుదరడం 216లో ఒకటే.

పక్షుల మీద పని చేసేవారికి ఈ బెడద తక్కువ. జపాన్‌లో టిట్ అనే చిన్న పిట్టలు ‘చుట్టూ చూడు’, ‘దగ్గరికి రా’ అన్న రెండు కూతలను ఆ వరుసలోనే కలుపుతాయి. పక్షి కూతల పరిశోధకుడు తొషితాకా సుజుకి బృందం స్పీకరులో ఆ వరుస తిరగేసి వినిపిస్తే పిట్టలు పెద్దగా పట్టించుకోలేదు. స్పీకరుకు ఆశలుండవు, అనుమానాలుండవు.

మన ఊళ్లలో జాగిలం వచ్చేసరికి గంటలు గడిచి, ఎండ కాసి, జనం ఆ చోటంతా తొక్కేసి ఉంటారు. చూడ్డానికి వచ్చి తిరిగి వెళ్లిన పొరుగువాడి అడుగులూ అదే దారిలో ఉంటాయి. ఆ జాడ పట్టుకుని అతని ఇంటికి వెళ్లిన కుక్క తప్పు చేసినట్టు కాదు. తప్పు చదివింది మనం. జాగిలాన్ని దర్యాప్తుకు వాడుకోవచ్చు గానీ దాని పసిగట్టే శక్తిని సాక్ష్యంగా తీసుకోలేమని 2008లో దినేశ్ బొర్ఠాకుర్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

విలేకరులు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఏ వస్తువు వాసన చూపించారు? ఘటన జరిగిన ఎన్ని గంటలకు? అప్పటికి ఎంతమంది అక్కడ తిరిగారు? పోలీసుల అనుమానం ఎవరి మీదో గొలుసు పట్టినవారికి ముందే తెలుసా? జవాబులు దొరికితే వాటితో సహా వేయండి. దొరక్కపోతే ‘జాగిలంతో గాలించారు’ అని ఆపేయండి. ఎలాగైనా ఆ ఇంటివాళ్ల పేరు, వీధి, ఇంటి ఫొటో మాత్రం వేయకండి.

– జంతు ప్రవర్తన బోధించే అధ్యాపకులు, కాకినాడ