సెనేటర్ గారికి ఒక తెలుగు ఓటరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మా రాష్ట్ర సెనేటర్ గారికి,

నమస్కారం. అమెరికా ఎన్నికల్లో విదేశీ జోక్యం విషయమై మీ కార్యాలయానికి రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

అధ్యక్ష ఎన్నికకు ముందు, 2016 జులై 22న, రహస్య పత్రాలు బయటపెట్టే వెబ్‌సైట్ వికీలీక్స్ డెమొక్రటిక్ పార్టీ జాతీయ కమిటీ ఈమెయిళ్లు 19 వేలకు పైగా బయటపెట్టింది. వాటిని దొంగిలించింది రష్యా సైనిక గూఢచార సంస్థేనంటూ 2018లో 12 మంది అధికారులపై అమెరికా కేసు పెట్టింది. మెయిళ్లు అసలువే కావచ్చు. కానీ ఏది, ఎప్పుడు ఓటరు కంటపడాలో నిర్ణయించింది దొంగ. రష్యా ప్రభుత్వ వార్తాసంస్థలైన ఆర్‌టీ, స్పుత్నిక్ వాటిని ఊరంతా చాటాయి. పార్టీకి చందా ఇచ్చిన మామూలు మనుషుల క్రెడిట్ కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు కూడా వీధిన పడ్డాయి. వాళ్లు చేసిన తప్పేమిటి?

ఆ ఏడాది అక్టోబరంతా మా తెలుగు వాట్సాప్ గ్రూపులో అవే ఫార్వర్డులు, అదే టెన్షన్. ఇరవై ఏళ్ల స్నేహితుడితో అప్పుడు ఆగిన మాటలు ఇప్పటికీ కలవలేదు.

ఇలాంటి జోక్యాన్ని పసిగట్టడానికి ఎఫ్‌బీఐలో 2017లో ఏర్పాటైన ప్రత్యేక బృందాన్ని 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు. ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో తేల్చేలా సెనేట్‌లో బహిరంగ విచారణ కోరండి. 2028 అధ్యక్ష ఎన్నికకు ముందే ఆ బృందాన్ని చట్టబద్ధంగా పునరుద్ధరించే బిల్లు ప్రవేశపెట్టండి. మీ జవాబు కూడా అందరికీ తెలిసేలా ఇవ్వండి.

ఇట్లు,
మీ రాష్ట్ర ఓటరు