మ్యాచ్‌లో బూతులు: సంక్రాంతి టోర్నీ నుంచి కొత్త పద్ధతి

అందరికీ నమస్కారం అండి. మొన్న రాత్రి మన ఆన్‌లైన్ గేమ్ మ్యాచ్‌లో రివైవ్ చేయడం (పడిపోయిన తోటి ఆటగాణ్ణి మళ్లీ లేపడం) ఆలస్యమైందని పాలకొల్లు కుర్రాణ్ణి మైక్‌లో ఇంట్లోవాళ్లని కలిపి మరీ తిట్టారు. వాడు చదివేది తొమ్మిదో తరగతి. మారు మాట్లాడకుండా గ్రూప్ నుంచి వెళ్లిపోయాడు. నాకు చాలా బాధేసింది.

తిట్టినవాళ్లని తీసేయమని కొందరు అడుగుతున్నారు. తీసేస్తే ఇంకో ఐడీతో వస్తారు, పెద్ద గేముల్లోనూ ఇదే తలనొప్పి. అందుకే లీగ్ ఆఫ్ లెజెండ్స్ బ్యాన్‌లతో ఆగకుండా 2012లో 'హానర్' పెట్టింది. మ్యాచ్ అయ్యాక, బాగా మసలుకున్నవాళ్లని తోటి ఆటగాళ్లే మెచ్చుకోవచ్చు. ఓవర్‌వాచ్ అనే గేమ్ 2018లో ఎండార్స్‌మెంట్లు తెచ్చింది, ఇవీ తోటి ఆటగాళ్లు ఇచ్చే మెప్పులే. అలా సంపాదించుకున్న లెవెల్, శిక్ష పడితే పోతుంది. నాకు నచ్చింది ఇదే. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడే నోరు అదుపులో పెట్టుకుంటాడు.

అలాగని మెప్పు ఒక్కటే చాలదు. తిట్లు పడుతున్నవాడికి ఆ క్షణంలోనే అండ కావాలి. కాబట్టి బూతు వినపడగానే కెప్టెన్ తిట్టినవాడి మైక్ మ్యూట్ చేస్తాడు. ఏ మాటకి చేశాడో అప్పుడే చెప్తాడు, కారణం తెలియని శిక్షకి కోపం పెరుగుతుందే తప్ప బుద్ధి రాదు. మ్యాచ్ అయ్యాక ప్రతి ఒక్కరూ ఒక ఓటు వేయాలి, స్కోరుకి కాదు, తీరుకి. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే తర్వాతి కెప్టెన్. మ్యూట్ పడితే ఆ ఓట్లన్నీ సున్నా.

భీమవరం, అమలాపురం జట్లవాళ్లు ఆదివారంలోగా మీ మాట చెప్పండి. పాలకొల్లు తమ్ముడికి నేను ఫోన్ చేస్తున్నాను. తిట్టినవాళ్లు కూడా చేయండి.